కంప్యూటరు గడియారము వెనుకబడుచున్నచో ఏమి చేయవలెను?

మగ్గముమీద గుడ్డలో తప్పు కనబడినప్పుడు అనుభవము గల నేతగాడు తొందరపడి అచ్చు విప్పడు. ఆ తప్పు ఏ రీతిగా వచ్చుచున్నదో ముందుగా చూచును. నిలువున గీత పడినచో పడుగులో పోగు పోయినదనియు, అడ్డముగా గీత పడినచో పేకలో తేడా వచ్చినదనియు, ప్రతి పువ్వులోను ఒకే చోట తప్పు పడుచున్నచో జాకార్డు అట్టలోనే లోపమున్నదనియు గ్రహించును. తప్పుయొక్క రూపమే దాని కారణమును చెప్పును. కంప్యూటరు గడియారమునకును ఇదే న్యాయము వర్తించును. అది ఎప్పుడు వెనుకబడుచున్నది, ఎంత వెనుకబడుచున్నది అను రెండు సంగతులు తెలిసినచో, చికిత్స చాలవరకు ఇంటిలోనే జరుగును. తెలియనిచో కొద్ది పదుల రూపాయల బ్యాటరీతో పోవు పనికి వేల రూపాయల బోర్డు కొనవలసి వచ్చును.

ఈ సంగతి మనకెందుకు?

నేడు మన సహకార సంఘములలోను, దుకాణములలోను, అనేకుల ఇండ్లలోను కంప్యూటరు ఉన్నది. జాకార్డు డిజైనులు గీయుట, నూలు ఇచ్చిన లెక్క, కూలి లెక్క, బిల్లులు అన్నియు దానిలోనే జరుగుచున్నవి. చేతికి వాచీ, జేబులో ఫోను ఉండగా కంప్యూటరు గడియారము కొంచెము తప్పినంత మాత్రమున నష్టమేమని కొందరనుకొందురు. నష్టము ఎట్లు వచ్చునో చూడుడు.

ఒక చీర అంచు డిజైనులో తప్పున్నదని తెలిసి, మీ అమ్మాయి దానిని దిద్ది భద్రపరచినదనుకొందము. ఆ సమయమున కంప్యూటరు తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోయి యున్నది. దిద్దిన ఫైలుపై ఆ పాత తేదీయే పడును. మారు ప్రతులు తీయు ప్రోగ్రాములు అనేకము తేదీలను పోల్చి, కొత్తదానిని ఉంచి పాతదానిని వదలివేయును. దాని దృష్టిలో దిద్దిన డిజైను పాతది, తప్పుల డిజైను కొత్తది. మరునాడు ఆ తప్పుల డిజైనే అట్టలు కొట్టుటకు పోవును. ఆ అంచుతో ఎన్ని చీరలు నేసినను, ఆ పట్టు, ఆ జరీ, ఆ కూలి అన్నియు నష్టమే.

బిల్లుల సంగతి చూడుడు. జి.ఎస్.టి. నిబంధనల ప్రకారము బిల్లుల సంఖ్యలు వరుసగా ఉండవలెను. యంత్రము తేదీని తానే వేయు ఏర్పాటు ఉన్నచోట, 57వ నెంబరు బిల్లుకంటె 58వ నెంబరు బిల్లు ముందు తేదీతో రావచ్చును. సరుకు తీసికొన్న వ్యాపారి ఊరుకొన్నను లెక్కల తనిఖీదారు ఊరుకొనడు.

బ్యాంకు వెబ్‌సైటు, పన్నుల వెబ్‌సైటు తెరచునప్పుడు ప్రతిదానికి ఒక యోగ్యతాపత్రము ఉండును. అది ఏ తేదీనుండి ఏ తేదీవరకు చెల్లునో దానిలో వ్రాసి యుండును. కంప్యూటరు తన తేదీతో దానిని పోల్చుకొనును. తేదీ తప్పైనచో మంచి పత్రమును సైతము చెల్లదని త్రోసివేసి, ఈ స్థలము సురక్షితము కాదని హెచ్చరించును. డబ్బు పంపవలసిన వేళ పని ఆగును. ఇట్టి సమయమున ఇంటర్నెట్టు చెడినదనియో, బ్యాంకు చెడినదనియో తిరుగుటకు ముందు, తెర మూలనున్న తేదీని ఒకమారు చూడవలెను.

యంత్రములో గడియారములు రెండు

సాధారణ కంప్యూటరులో కాలమును లెక్కించునవి రెండు కలవు. ఈ భేదము తెలియనంతకాలము రోగము తెలియదు.

మొదటిది బోర్డు గడియారము. దీనికి రియల్ టైమ్ క్లాకు అనియు, ఆర్.టి.సి. అనియు పేరు. ఇది యంత్రము ఆపివేసిన తరువాత కూడ నడచుచుండును. అప్పుడు దీనికి ఆహారమిచ్చునది బోర్డుమీద రూపాయి బిళ్ళవలె ఉండు చిన్న బ్యాటరీ.

రెండవది తెర గడియారము. యంత్రము తెరచినప్పుడు విండోసు గాని లినక్సు గాని బోర్డు గడియారమును ఒకమారు చూచి, ఆ వేళను తీసికొని, అక్కడనుండి తన లెక్కను తాను నడపుకొనును. మనకు తెర మూలన కనబడునది ఇదియే.

వీనికి తోడు బయట మూడవ గడియారము కలదు. ఇంటర్నెట్టు ఉన్నచో యంత్రము అప్పుడప్పుడు ఒక కాల సర్వరును అడిగి తన తప్పును దిద్దుకొనును. ఈ అడుగు పద్ధతికి ఎన్.టి.పి. అని పేరు. దీనిని అమెరికాలో డేవిడ్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించెను. 1985 నాటికే దాని తొలి నియమావళి ప్రకటింపబడెను.

బ్యాటరీ గడియారము మొదటినుండి ఉన్నది కాదు. 1981లో వచ్చిన ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరులో అది లేదు. తెరచిన ప్రతిసారి తేదీ, వేళ మనుష్యుడే చెప్పవలసి యుండెను. చెప్పనిచో యంత్రము 1980 జనవరి 1 అనుకొని పని చేసెడిది. 1984లో వచ్చిన ఏ.టి. నమూనాతో బ్యాటరీ గడియారము బోర్డుమీదికి వచ్చెను. నేటి యంత్రము బ్యాటరీ చచ్చినప్పుడు చేయునదియు అదే విధము: తన తయారీదారు పెట్టిన ఏదో ఒక మొదటి తేదీకి పోయి కూర్చుండును.

ఎంత తప్పు సహజము?

బోర్డు గడియారమునకు గుండెకాయ ఒక చిన్న స్ఫటికము, అనగా క్వార్ట్జు. చేతి వాచీలలో ఉండునదియు ఇదే. ఇది సెకనుకు 32,768 మార్లు అదరును. ఈ సంఖ్యను వరుసగా 15 మార్లు సగము చేసినచో సరిగా 1 మిగులును. కావున సగము చేయు మెట్లు 15 పెట్టినచో సెకనుకొక దెబ్బ దొరకును. అందుకే ఈ సంఖ్యను ఎన్నుకొనిరి.

ఏ స్ఫటికమును నూటికి నూరుపాళ్ళు సరిగా ఉండదు. సాధారణముగా పదిలక్షలకు 20 పాళ్ళు తేడా ఉండవచ్చును. ఒక దినమునకు 86,400 సెకనులు. ఆ లెక్కన దినమునకు సుమారు 1.7 సెకనులు, నెలకు సుమారు 52 సెకనులు తప్పు వచ్చును. ఇది రోగము కాదు, స్వభావము.

ఎండకు గడియారము మందగించునని కొందరందురు. అది నిజమే కాని చాల స్వల్పము. ఈ స్ఫటికము 25 డిగ్రీల దగ్గర సరిగా నడచును. వేడి పెరిగినను, చలి పెరిగినను కొంచెము వెనుకబడును. 45 డిగ్రీల వేడిలో ఆ వెనుకబాటు దినమునకు 1.2 సెకనుల ప్రాంతము. కావున షోలాపూరు వేసవి గాని, సేలము వేసవి గాని గడియారమును దినమునకు పది నిమిషములు వెనుకకు నెట్టజాలదు.

జ్ఞాపకముంచుకొనదగిన సూత్రమిది: దినమునకు రెండు మూడు సెకనులు పోవుట స్వభావము, నిమిషములు పోవుచున్నచో కారణము వెదకవలెను.

మూడు చూపుల పరీక్ష

ఈ పరీక్షకు ఒక నోటుపుస్తకము, ఒక ఫోను చాలును. ఫోనులో తేదీ, వేళ దానంతట అది సరిచేసికొను ఏర్పాటు ఉన్నదేమో ముందుగా చూచుకొనుడు.

పరీక్షకాలములో కంప్యూటరుకు ఇంటర్నెట్టు తీసివేయవలెను. తీగ ఉన్నచో ఊడదీయుడు. వైఫై అయినచో ఆపుడు. ఇది ముఖ్యము. ఏలయనగా ఇంటర్నెట్టు ఉన్నచో ఉదయము తెరచిన కొద్దిసేపటికే యంత్రము బయటి గడియారమును చూచి తన తప్పును దిద్దుకొనవచ్చును. అప్పుడు రాత్రి జరిగినది మనకు కనబడదు.

మొదటి చూపు: సాయంత్రము యంత్రమును ఆపుటకు ముందు గడియారమును ఫోనుతో సరిచేసి, వేళ వ్రాసికొనుడు. తరువాత యంత్రమును ఆపి, గోడ స్విచ్చి కూడ ఆపుడు.

రెండవ చూపు: మరునాటి ఉదయము తెరచిన వెంటనే ఫోను వేళను, తెర వేళను ప్రక్కప్రక్కన వ్రాయుడు.

మూడవ చూపు: ఆ దినమంతయు యంత్రమును నడపి, సాయంత్రము మరల రెండు వేళలను వ్రాయుడు.

మొదటి చూపునకు రెండవ చూపునకు నడుమ పోయిన కాలము రాత్రి నష్టము. రెండవదానికి మూడవదానికి నడుమ పోయినది పగటి నష్టము. ఇట్లు వరుసగా మూడు దినములు వ్రాసినచో సందేహముండదు. ఒక్కదినము వ్రాసి తీర్పు చెప్పరాదు.

ఉదాహరణకు సోమవారము సాయంత్రము 6 గంటలకు సరిచేసితిరి. మంగళవారము ఉదయము 9 గంటలకు చూడగా తెర 8 గంటల 20 నిమిషములు చూపినది. ఆనాటి సాయంత్రము 6 గంటలకు 5 గంటల 20 నిమిషములు చూపినది. రాత్రి నష్టము 40 నిమిషములు, పగటి నష్టము సున్న. ఇక్కడ తెర గడియారములో దోషము లేదు. దోషము బోర్డు గడియారమునకు రాత్రిపూట అందు ఆహారములో ఉన్నది.

నష్టముయొక్క రూపమును బట్టి కారణము

1. రాత్రి మాత్రమే వెనుకబడుట. బ్యాటరీ బలహీనపడినది. ఇది మూడు దశలలో ముదురును. మొదట రాత్రికి కొన్ని నిమిషములు పోవును. తరువాత గడియారము రాత్రి నిలిచిపోయి, ఉదయము నిన్నటి వేళనుండియే నడక మొదలుపెట్టును. సాయంత్రము 6 గంటలకు ఆపినది మరునాడు 9 గంటలకు తెరచినను 6 గంటలే చూపును. చివరకు తేదీ ఏండ్ల వెనుకకు పోవును. తెరచునప్పుడు నల్లతెరమీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అనియో, ఎఫ్1 మీట నొక్కుమనియో వ్రాత కనబడును. మొదటి దశలోనే బ్యాటరీ మార్చుట తెలివి.

2. రాత్రింబవళ్ళు ఒకే తేడా, అదియు గంటలలోనో అరగంటలలోనో లెక్కగా ఉండుట. ఇక్కడ బ్యాటరీ నిర్దోషి. గడియారము సరిగానే నడచుచున్నది; ఏ దేశపు వేళ చూపవలెనో ఆ అమరిక తప్పినది. మన వేళ ప్రపంచ ప్రమాణ వేళకంటె 5 గంటల 30 నిమిషములు ముందు. సరిగా అరగంట వెనుక ఉన్నచో పాకిస్తాను వేళ గాని, తాష్కెంటు వేళ గాని ఎన్నుకొని యుండవచ్చును. అరగంట ముందు ఉన్నచో ఢాకా వేళ. 15 నిమిషములు ముందు ఉన్నచో ఖాట్మండు వేళ. అమెరికా పడమటి తీరపు వేళ పెట్టియున్నచో చలికాలమున 13 గంటల 30 నిమిషములు, వేసవిలో 12 గంటల 30 నిమిషములు వెనుక చూపును. ఇట్టిచోట గడియారపు ముళ్ళను త్రిప్పి సరిచేసినచో ఇంటర్నెట్టు తగులగానే మరల తప్పును. అమరికనే మార్చవలెను.

3. ఒకే యంత్రములో విండోసు, లినక్సు రెండును ఉన్నచో, ఒకదానినుండి మరొకదానికి మారినప్పుడెల్ల సరిగా ఐదున్నర గంటల తేడా రావచ్చును. బోర్డు గడియారములోని వేళను విండోసు స్థానిక వేళగా చదువును; లినక్సు సాధారణముగా ప్రపంచ ప్రమాణ వేళగా చదువును. రెండింటిలో ఒకదానిని రెండవదాని పద్ధతికి త్రిప్పినచో తగవు తీరును.

4. యంత్రము నడచుచుండగా పగలు వెనుకబడుట. ఇది అరుదు. బ్యాటరీ మార్చినను పోదు. యంత్రము నిద్రావస్థకు పోయి లేచిన తరువాత వెనుకబడుచున్నదేమో చూడుడు. అట్లయినచో బోర్డు తయారీదారు ఇచ్చిన కొత్త బయాసు, విండోసు నవీకరణలు వేయించవలెను. గడియారమును మార్చు మరొక ప్రోగ్రాము ఏదైన చేరినదేమో చూడుడు. అక్కరలేని దానిని తీసివేయుడు. మిక్కిలి పాత డాసు యంత్రము ఇంకను వాడుకలో ఉన్నచో, కొన్ని ప్రోగ్రాములు పని నడుమ గడియారపు దెబ్బలను అడ్డగించుట కలదు. అట్టిదానిని మరల తెరచినచో బోర్డు గడియారమునుండి సరియైన వేళ వచ్చును.

5. సంఘములోని యంత్రములన్నియు ఒకే విధముగా తప్పుట. నాలుగు మగ్గములమీద ఒకే తప్పు పడినచో మగ్గములను తప్పుపట్టము, డిజైనును చూతుము. అట్లే ఇక్కడ వానికి వేళ చెప్పు పెద్ద కంప్యూటరు, అనగా సర్వరు, తప్పి యుండును. దానిని దిద్దినచో మిగిలినవి సర్దుకొనును.

బ్యాటరీ మార్చు విధానము

బల్లమీది కంప్యూటర్లలో ఎక్కువగా ఉండునది సి.ఆర్. 2032 అను బిళ్ళ. ఈ సంఖ్యలోనే కొలత ఉన్నది: వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు. దీని బలము 3 వోల్టులు. సి.ఆర్. 2025 అనునది అంతే వెడల్పు, అంతే బలము కలదైనను మందము 2.5 మిల్లీమీటర్లే. అది గూటిలో వదులుగా కూర్చుండును. దుకాణదారు రెండును ఒకటే అనినను తీసికొనరాదు.

సాధారణముగా ఇది 3 మొదలు 5 సంవత్సరములు, కొన్ని యంత్రములలో అంతకంటె ఎక్కువ కాలము వచ్చును. గోడ స్విచ్చి వేసియున్నంతసేపు బోర్డు గడియారము కరెంటు మీదనే నడచును, బ్యాటరీ ఖర్చు కాదు. ప్రతి రాత్రి స్విచ్చి ఆపు ఇండ్లలో బ్యాటరీ కొంత ముందుగా తీరును. ఉరుముల కాలములో స్విచ్చి ఆపుటయే మంచిది. బిళ్ళ ఖరీదు తక్కువ, యంత్రము ఖరీదు ఎక్కువ.

మార్చు క్రమము ఇది.

ముందుగా బయాసు తెరలోనికి పోయి అక్కడి అమరికలను ఫోనుతో ఫొటో తీసికొనుడు. తెరచునప్పుడు డిలీట్ మీట గాని, ఎఫ్2 మీట గాని నొక్కినచో అనేక యంత్రములలో ఆ తెర వచ్చును. బ్యాటరీ తీసినప్పుడు ఆ అమరికలు పోవచ్చును. డిస్కుకు బిట్‌లాకర్ తాళము వేసియున్నచో, దాని రికవరీ కీ దగ్గర ఉంచుకొనకుండ ఈ పనికి దిగరాదు.

యంత్రమును ఆపి, తీగను గోడనుండి పూర్తిగా ఊడదీయుడు. తెరచు బొత్తామును కొన్ని సెకనులు నొక్కి పట్టినచో లోపల మిగిలిన కరెంటు పోవును. పెట్టె ప్రక్క రేకు విప్పి, లోపలి ఇనుప చట్రమును చేతితో ఒకమారు తాకుడు. మగ్గాల ఇంటిలో నూలు నుసి లోపల చేరి యుండును. దానిని మెత్తని కుంచెతో మెల్లగా తుడువుడు, తడిగుడ్డ వాడరాదు.

బిళ్ళ ఏ ముఖము పైకి ఉన్నదో చూచుకొనుడు. సాధారణముగా కూడిక గుర్తు, అక్షరములు గల ముఖము పైకి ఉండును. ప్రక్కనున్న చిన్న కొక్కెమును నొక్కినచో బిళ్ళ పైకి లేచును. మల్టీమీటరు ఉన్నచో కొలిచి చూడుడు. కొత్త బిళ్ళ 3 వోల్టులు గాని, కొంచెము ఎక్కువ గాని చూపును. 2.7కు దిగువ చూపినది మార్చదగినది.

కొత్త బిళ్ళను పొడిచేతులతో అంచులు పట్టుకొని గూటిలో పెట్టి, బిగువుగా కూర్చున్నదో లేదో చూడుడు. రేకు మూసి, తీగ తగిలించి, బయాసు తెరలో తేదీ, వేళ, పాత అమరికలు పెట్టి భద్రపరచుడు. అనేక యంత్రములలో భద్రపరచుటకు ఎఫ్10 మీట.

కొత్త బిళ్ళ వేసినను తేదీ నిలువనిచో మూడు చోట్ల చూడవలెను: గూటి స్ప్రింగు వదులైనదేమో, మురికి పట్టినదేమో, బోర్డుమీద సీమాస్ తుడుచు చిన్న టోపీ తప్పుచోట ఉన్నదేమో, బిళ్ళ తిరగబడినదేమో. ఈ మూడును సరిగా ఉన్న తరువాతనే బోర్డును అనుమానించవలెను.

ల్యాప్‌టాపులలో కొన్నిటికి ఈ బిళ్ళ తీగలతో కూడి ఉండును. కొన్నిటికి అసలు ఉండదు, పెద్ద బ్యాటరీయే పని చేయును. వానిని తెలిసినవారి చేతనే విప్పించుట మంచిది. హాజరు యంత్రములు, కెమెరా రికార్డరులు కొన్నిటిలో కూడ ఇట్టి బిళ్ళలే ఉండును. కూలి తగవులు పెరుగకముందు వాని గడియారములను కూడ నెలకొకమారు చూచుట మేలు.

తల్లులకు ఒక హెచ్చరిక. ఈ బిళ్ళ పసిపిల్లల గొంతులో చిక్కినచో రెండు గంటలలోనే లోపల తీవ్రముగా కాల్చివేయగలదు. మన ఇండ్లలో పని చేయు చోటనే పిల్లలు ప్రాకుచుందురు. తీసిన బిళ్ళను కండెల బుట్టలోనో, కిటికీలోనో పెట్టవద్దు. రెండు ముఖములకు టేపు అంటించి, అందనిచోట ఉంచి, ఎలక్ట్రానిక్ చెత్త తీసికొనువారికి ఇయ్యవలెను. పిల్లవాడు మ్రింగినాడని అనుమానము కలిగినను, వాంతి చేయింపక, క్షణము ఆలస్యము లేక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

బయటి వేళతో జతపరచుట

మన దేశపు ప్రామాణిక వేళ 1906 జనవరి 1 నుండి అమలులోకి వచ్చెను. అది 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశముపై ఆధారపడినది. ఆ రేఖ ఒరిస్సామీదుగా దిగి కాకినాడ ప్రాంతమున సముద్రము చేరును. యానాము వారికి అది ఇరుగు పొరుగే. బొంబాయి నగరము మాత్రము 1955 వరకు తన సొంత వేళను వదలలేదు. ఒక ఊరి వేళ ఒకటి, మరొక ఊరి వేళ మరొకటి అయినచో వ్యాపారము సాగదని నాడు తెలిసికొన్నట్లే, ఒక యంత్రమునకు మరొక యంత్రమునకు తేడా ఉన్నచో లెక్క సాగదని నేడు తెలిసికొనుచున్నాము. ఈ వేళను సీజియం గడియారములతో కాపాడుచున్నది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల.

విండోసు 10, 11లలో సెట్టింగ్స్ తెరచి, టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్ అను చోటికి పోవలెను. టైమ్ జోన్ వద్ద చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అను పేర్లు గల వరుసను ఎన్నుకొనుడు. వేళ దానంతట అది సరిచేసికొను మీటను వేయుడు. తరువాత సింక్ నౌ అను దానిని నొక్కుడు.

ఇక్కడ చాలమంది తికమకపడు సంగతి ఒకటి కలదు. తేడా మరీ పెద్దదైనచో విండోసు తనంతట తాను దిద్దుకొనుటకు నిరాకరించును. విడిగా ఉన్న యంత్రమునకు మామూలు అమరికలో ఈ హద్దు 15 గంటలు. కావున తేదీ ఏండ్ల వెనుకకు పోయినప్పుడు, ముందు చేతితో నేటి తేదీ, వేళ పెట్టి, ఆ తరువాత జతపరచవలెను. అప్పటికిని కుదరనిచో సర్వీసెస్ జాబితాలో విండోస్ టైమ్ అనునది నడచుచున్నదేమో, సంఘపు రూటరు ఎన్.టి.పి. వాడు 123వ ద్వారమును మూసియున్నదేమో చూపించుడు.

2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ, కంపెనీలు మొదలగు సంస్థలు తమ యంత్రముల వేళను జాతీయ భౌతిక ప్రయోగశాల గాని, ఎన్.ఐ.సి. గాని నడపు కాల సర్వరులతోనో, వానితో కలిసి నడచు సర్వరులతోనో జతపరచవలెనని ఆదేశించెను. ప్రభుత్వము సైతము దీనిని చిన్న సంగతిగా ఎంచలేదని మన సంఘముల కార్యదర్శులు గమనింతురు గాక.

ఒక్క మాట. ఇంటర్నెట్టుతో జతపరచుట వలన తెరమీద వేళ సరిగా కనబడును గాని చచ్చిన బ్యాటరీ బ్రతుకదు. ఇంటర్నెట్టు లేని నాడు రోగము మరల బయటపడును. పైకి సరిగా కనబడుచున్నది గదా అని లోపలి దోషమును ఉంచుకొనరాదు.

దిద్దిన తరువాత చేయవలసినది

గడియారము సరియైనంత మాత్రమున పని ముగియలేదు. తప్పు తేదీ ఉన్న దినములలో ఏ ఫైళ్ళు భద్రపరచితిరో వెదకుడు. డిజైను ఫైళ్ళను తెరచి చూచి, నిజముగా కొత్తదైనదానిని మరొకమారు భద్రపరచినచో నేటి తేదీ పడును. ఆ తరువాతనే మారు ప్రతి తీయుడు. అట్టలు కొట్టుటకు ఇచ్చు డిజైను పేరులోనే తేదీని, వరుస సంఖ్యను వ్రాయు అలవాటు చేసికొన్నచో గడియారము తప్పినను డిజైను తప్పదు.

తప్పు తేదీతో వెళ్ళిన బిల్లులను మౌనముగా చెరిపి వ్రాయవద్దు. లెక్కలు చూచువారికి చెప్పి, సక్రమమైన పద్ధతిలో దిద్దించుడు. ఏ దినము నుండి ఏ దినము వరకు గడియారము తప్పినదో నోటుపుస్తకములో వ్రాసి, కార్యదర్శి సంతకము పెట్టించినచో రేపు అడిగినవారికి సమాధానముండును. కూలి లెక్కలో ఆ దినములను నేతగాని చేతి పుస్తకముతో సరిచూడవలెను. యంత్రము తప్పిన నష్టము నేసినవాని మీద పడరాదు.

అభ్యాసము

ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు చూడకుండ ఆలోచించుడు. ఇంటిలో కంప్యూటరు వాడు పిల్లలచేత కూడ చెప్పించుడు.

ప్రశ్న 1. యంత్రము ఎప్పుడు చూచినను సరిగా అరగంట వెనుక ఉన్నది. తేడా పెరుగుట లేదు. బ్యాటరీ మార్చవలెనా?
జవాబు. అక్కరలేదు. టైమ్ జోన్ తప్పినది. దానిని మార్చవలెను.

ప్రశ్న 2. ఇంటర్నెట్టు లేని యంత్రము నెలకు 40 సెకనులు వెనుకబడుచున్నది. రోగమేమి?
జవాబు. రోగము లేదు. అది స్ఫటికపు స్వభావము. నెలకొకమారు సరిచేసినచో చాలును.

ప్రశ్న 3. నిన్న సాయంత్రము 7 గంటలకు ఆపిన యంత్రము నేటి ఉదయము తెరచినను నిన్నటి 7 గంటలే చూపినది. పగలు సరిగా నడచుచున్నది.
జవాబు. బ్యాటరీ రెండవ దశకు వచ్చినది. అమరికలు ఫొటో తీసికొని వెంటనే మార్చవలెను.

ప్రశ్న 4. సంఘములోని ఐదు యంత్రములును 7 నిమిషములు వెనుక ఉన్నవి. ఐదు బ్యాటరీలు కొనవలెనా?
జవాబు. కొనవద్దు. వానికి వేళ చెప్పు సర్వరును ముందు చూడవలెను.

ప్రశ్న 5. ఇంటర్నెట్టు ఉన్నంతసేపు వేళ సరిగా ఉన్నది. లేని దినమున తేదీ ఏండ్ల వెనుకకు పోవుచున్నది.
జవాబు. బ్యాటరీ చచ్చినది. బయటి గడియారము ఇన్నాళ్ళు ఆ లోపమును కప్పివేసినది.

ఈ ఐదింటికిని సరిగా చెప్పగలిగినవారు తమ సంఘములోని యంత్రములను నెలకొకమారు పరీక్షించి, నోటుపుస్తకములో వ్రాయు బాధ్యతను తీసికొందురని ఆశించుచున్నాము. పది నిమిషముల పని. ఒక చీరకు పట్టిన జరీ విలువతో పోల్చినచో ఈ పది నిమిషములు లెక్కలోనివి కావు.